ఇంగ్లీషు జాతీయానికీ ఒక ‘అనెడి’ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో కుడివైపు కింద రోజూ ఒక చిన్న గడి వస్తుంది. పది ఇంగ్లీషు జాతీయాలు, ఒక్కోదానికి ఎదురుగా రెండు మూడు మాటల్లో తెలుగు అర్థం. ఆ గడిని ఏళ్ల తరబడి కత్తిరించి లాంగ్ నోట్‌బుక్కులో అంటించుకున్న మనిషిని నేను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి 2019లో రిటైరయ్యాను. ఇప్పుడు వారాసిగూడలో మా ఇంటి కింది వాటాలో సాయంత్రం పూట 14 మంది పిల్లలకు ఫీజు లేకుండా పాఠాలు చెబుతున్నాను. వాచ్‌మన్ల పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు, మా వీధి మలుపులో కూరగాయల బండి పెట్టే ఆమె కూతురు. ఆ గడి గురించే ఈ ఉత్తరం. దాన్ని తీసేయమని కాదు, మార్చమని అడగడానికి.

మొన్న సంక్రాంతికి ముందు ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. నా పాత విద్యార్థి. వాళ్ల నాన్న ఆటో తోలి ఇంజినీరింగ్ చదివించాడు. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో చేరి అప్పటికి నాలుగు నెలలు. గొంతు వణుకుతోంది. “టీచర్, కోర్టు అని రాసిండ్రు. నా మీద ఏమన్న కేసు అయితదా?” అన్నాడు. ముందు నాకూ గుండె జారింది. ఆ మెసేజ్ ఉన్నదున్నట్టు చదవమన్నాను. వాడు చేసిన పని మీద వాళ్ల టీమ్ లీడ్ నాలుగు సూచనలు రాసి, చివర “ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్ నౌ” అని ముగించాడు. సోమవారం వచ్చిన మెసేజ్ అది. కోర్టు అంటే పైవాళ్ల దగ్గర ఏదో తేలాల్సి ఉందనుకుని, తేలాక వాళ్లే చెప్తారని మనవాడు మూడు రోజులు కదలకుండా కూర్చున్నాడు. గురువారం మీటింగులో ఎనిమిది మంది ముందు, బంతి మూడు రోజులుగా నీ కోర్టులోనే ఉంది, నీకు చొరవ లేదు అని అనిపించుకున్నాడు. ఆ రాత్రే నాకు ఫోన్.

చొరవ లేని పిల్లాడు కాడు వాడు. పదో తరగతిలో ఉండగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేపర్లు వేసి బడికి వచ్చేవాడు. ఆ మెసేజ్‌లో వాడికి తెలియని మాట ఒక్కటీ లేదు. బాల్ తెలుసు, కోర్ట్ తెలుసు, మిగతావన్నీ ఒకటో తరగతి మాటలు.

ఆ ఆదివారం వాడిని ఇంటికి రమ్మన్నాను. మాట మధ్యలో ఎందుకో అనుమానం వచ్చి నా పాత నోట్‌బుక్కులు దింపి వెతికాను. దొరికింది. మీ పత్రిక ముక్కే, జిగురు ఆరి ఒక మూల లేచిపోయి ఉంది: ‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్ - నిర్ణయం నీదే.’ వాడు దాన్ని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “ఇది మీరే రాయించిండ్రు టీచర్. పదిసార్లు రాసి సంతకం పెట్టించుకున్న” అన్నాడు. తప్పుపట్టడానికి అనలేదు, గుర్తొచ్చి అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వాడు నేర్చుకున్నాడు, రాశాడు, మార్కు తెచ్చుకున్నాడు, మరిచిపోయాడు. ఎందుకు మరిచిపోడు? ఆ గడిలో బంతి ఎక్కడుంది? నేలంతా గీతలు గీసి నడుమ వల కట్టిన ఆటస్థలం ఎక్కడుంది? ‘నిర్ణయం నీదే’ అన్న రెండు మాటలకూ పైనున్న ఆరు మాటలకూ మధ్య తాడు కట్టేదేమీ లేదు. ఆదివారం నేను చేసింది చాలా చిన్న పని. సుద్దముక్కతో గచ్చు మీద గళ్లు గీశాను. మన సానియా మీర్జా ఆడిన టెన్నిసే కదా, ఈ గీతల లోపలి జాగానే కోర్ట్ అంటారు అన్నాను. కాగితం ఉండ చుట్టి వాడి వైపు వేశాను. “బంతి నీ దిక్కు పడ్డది. ఇప్పుడు కొట్టాల్సింది ఎవరు?” అని అడిగాను. “నేనే” అన్నాడు. “నువ్వు కొట్టకపోతే?” “పాయింట్ పోతది.” ఆ నిమిషంలో వాడి ముఖంలో వచ్చిన వెలుగు ఇరవై గడులు అంటించినా రాదు. చూస్తే, మీ గడిలో ఇచ్చిన అర్థం కన్నా ఈ అర్థమే ఎక్కువ సరైంది. నిర్ణయం నీదే అనడం ఒకటి, ఆట ఆగింది, నీ వంతు వచ్చింది, ఆలస్యమైతే నీకే నష్టం అనడం ఇంకొకటి. ఆ తొందర రెండు మాటల అర్థంలోకి ఎక్కలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ‘బంతి కేంద్రం కోర్టులో’ అని మన తెలుగు పత్రికలన్నీ శీర్షికలు పెడుతుంటాయి. తెలుగులో కోర్టు అనగానే ముందు తట్టేది న్యాయస్థానమే. మా వీధిలో నలుగురు పెద్దవాళ్లను అడిగి చూశాను. ముగ్గురు అది సుప్రీంకోర్టు వ్యవహారమే అన్నారు. ఇంగ్లీషు మాటలను తెలుగులోకి దించేశాం గానీ బొమ్మను దించలేదు.

ఈ విషయం మీద లోకంలో పరిశోధన బాగానే జరిగింది. ఉద్యోగంలో ఉండగానే మన తార్నాక పక్కనున్న సంస్థ నుంచి ఇంగ్లీషు బోధన కోర్సు చేశాను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలను కలుపుకుని సీఫెల్ అయి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై ఇప్పుడు ఇఫ్లూ అని పిలిపించుకుంటున్న సంస్థే. అప్పుడు అంటుకున్న చదువు పిచ్చి రిటైరయ్యాక మళ్లీ తిరగబెట్టింది. చదివిన ప్రతిచోటా నా క్లాసులే కళ్ల ముందుకొచ్చాయి.

1970ల చివర్లో నెదర్లాండ్స్‌లో ఎరిక్ కెల్లర్‌మన్ అనే ఆయన ఒక పని చేశాడు. ఇంగ్లీషు ‘బ్రేక్’కు డచ్చిలో దాదాపు అలాంటి మాటే ఉంది, బ్రేకెన్. ఆ మాటతో 17 డచ్చి వాక్యాలు ఇచ్చి, వీటిలో ఏవేవి ఇంగ్లీషులోకి బ్రేక్ అనే తిప్పొచ్చని విద్యార్థులను అడిగాడు. కాలు విరగడం, కప్పు పగలడం లాంటి కంటికి కనిపించేవాటికి సరే అన్నారు. ప్రతిఘటనను అణచడం లాంటివి వచ్చేసరికి చాలామంది వెనక్కి తగ్గారు. ఇంగ్లీషులో అవీ ‘బ్రేక్’తోనే చెప్పొచ్చు. అయినా, ఇది మా భాష పోకడ, పరాయి భాషలో ఇలా ఉండదేమో అనుకున్నారు.

ఇది చదవగానే నాకు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గుర్తొచ్చింది. తమ బస్తీలో నల్లా నీళ్ల కోసం జరిగిన గొడవ గురించి వ్యాసం రాసింది. ‘మై బ్లడ్ బాయిల్డ్’ అని రాసి, దాన్ని తనే రెండు గీతలతో కొట్టేసి, కింద ‘ఐ వాజ్ వెరీ వెరీ యాంగ్రీ’ అని రాసుకుంది. ఎందుకు కొట్టేశావమ్మా అంటే, “రక్తం మరగడం తెలుగు కద టీచర్, ఇంగ్లీషుల ఉంటదో లేదో అని” అంది. ఉంటుంది. అచ్చంగా అలాగే ఉంటుంది. కొట్టేసిన వాక్యమే మంచి ఇంగ్లీషు, మిగిల్చుకున్నది చప్పటి ఇంగ్లీషు. ఆ పిల్లకు ఆ భయం పెట్టింది నేనే. ‘తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయొద్దు’ అని 31 ఏళ్లు ప్రతి జూన్‌లో బోర్డు మీద రాశాను. నా టీచర్లు నాకు చెప్పారు, నేను పిల్లలకు చెప్పాను.

తెలుగు నుంచి తెచ్చుకున్నవన్నీ చెల్లుతాయని నా వాదన కాదు. 1986లో సుజాన్ ఇరుహో అనే పరిశోధకురాలు వెనిజులాకు చెందిన, ఇంగ్లీషు బాగా వచ్చిన విద్యార్థులకు 45 జాతీయాలు ఇచ్చి చూసింది. స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఒకేలా ఉన్నవి కొన్ని, కాస్త తేడాతో ఉన్నవి కొన్ని, పొంతనే లేనివి కొన్ని. ఒకేలా ఉన్నవి అందరికీ సులువుగా వచ్చాయి. పొంతన లేనివి కష్టమయ్యాయి. కాస్త తేడా ఉన్నవి అర్థమవుతాయి గానీ రాయబోతే సొంత భాష వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. మనకూ అంతే. మొసలి కన్నీరు, గాలిమేడలు, ఒకే దెబ్బకు రెండు పిట్టలు ఇటూ అటూ ఉన్నాయి. నీళ్లు నమలడం, చెవిలో పువ్వు పెట్టడం, కడుపులో చల్ల కదలకుండా ఉండడం మనవే, అటు తీసుకెళ్తే ఎవరికీ అర్థం కావు. నడుమ ఉన్నవే పిల్లలను పడేస్తాయి. మనం పుండు మీద కారం చల్లుతాం, వాళ్లు ఉప్పు రుద్దుతారు. మన పిల్లి గోడ మీద కూర్చుంటుంది, వాళ్ల మనిషి కంచె మీద కూర్చుంటాడు. మనం అగ్నికి ఆజ్యం పోస్తాం, వాళ్లు నిప్పులో పుల్లలు వేస్తారు. మన బొమ్మ హోమగుండం దగ్గరిది, వాళ్లది చలికాచుకునే ఇంటి పొయ్యి దగ్గరిది. మా పిల్లలు ‘పుటింగ్ చిల్లీ పౌడర్ ఆన్ ద వూండ్’ అని రాసినప్పుడల్లా ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి సున్నా వేసేదాన్ని. ఇప్పుడైతే పక్కన కూర్చోబెట్టుకుని, “సగం దూరం వచ్చేశావు. ఆ దేశంలో కారం లేదు, ఉప్పు ఉంది” అంటాను. అంతే సరిపోతుంది.

ఇక అసలు మాట. దీనికి తాళంచెవి మన పిల్లల జేబులోనే ఉంది, తెలుగు పీరియడ్‌లో ఇచ్చేశారు. రూపక సమాసం మీ పాఠకులు ఎవరూ మరిచిపోయి ఉండరు. కోపాగ్ని: కోపమనెడి అగ్ని. సంసార సాగరం: సంసారమనెడి సాగరం. విద్యాధనం: విద్య అనెడి ధనం. విగ్రహవాక్యం రాయి, సమాసం పేరు రాయి, మార్కు తీసుకో. 1980లో అమెరికాలో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు కలిసి, రూపకం కవిత్వానికి పెట్టే నగ కాదు, మనిషి ఆలోచనే రూపకాల మీద నడుస్తుంది అని రాశారు. వాదన అంటే యుద్ధం, కాలం అంటే డబ్బు అన్న పెద్ద రూపకం ఒకటి లోపల ఉంటే, పైన వందల మాటలు దాని నుంచి మొలుస్తాయన్నారు. ఆ పుస్తకం వచ్చాకే ప్రపంచమంతటా ఈ పరిశోధన ఊపందుకుంది. ‘ఆర్గ్యుమెంట్ ఈజ్ వార్’ అని వాళ్లు ‘ఈజ్’ అన్నచోట మన వ్యాకరణం ‘అనెడి’ అంటుంది. వాదన అనెడి యుద్ధం. ఇది పట్టుకుంటే ఇంగ్లీషులో వాదన మీద దాడి చేయడం, వాదనను కాపాడుకోవడం, కాల్చి కూలగొట్టడం అన్నీ వరసగా అర్థమవుతాయి. మీ పత్రిక రాజకీయ వార్తలు చూడండి: ధ్వజమెత్తారు, తిప్పికొట్టారు, విరుచుకుపడ్డారు, మాటల తూటాలు. ధ్వజం యుద్ధానికి ఎత్తే జెండాయే కదా. మన పిల్లలు రోజూ అదే రూపకంలో బతుకుతున్నారు.

కానీ తెలుగు పీరియడ్ రెండో గంట, ఇంగ్లీషు పీరియడ్ మూడో గంట. మధ్యలో గోడ. తెలుగు సార్ కోపమనెడి అగ్ని అని చెప్పి వెళ్లిన బోర్డును తుడిచేసి, దాని మీదే నేను ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్ - గొడవ పెంచు’ అని రాశాను. ఒక్కరోజూ ఆ తుడిచిన మాట వైపు వేలు చూపించలేదు.

కోపం సంగతే తీసుకుంటాను, ఎందుకంటే ఫ్రాంక్ బోయర్స్ అనే ఆయన బెల్జియంలో ఫ్లెమిష్ మాట్లాడే హైస్కూలు పిల్లలతో చేసింది సరిగ్గా అదే. కోపం మీద ఇంగ్లీషులో ఉన్న పలుకుబళ్లను ఒక గుంపుకు బొమ్మల వారీగా ఇచ్చాడు: కుండలో మరిగే నీళ్లలాంటి కోపం ఒకచోట, నిప్పులాంటిది ఒకచోట. రెండో గుంపుకు అవే పలుకుబళ్లు వేరే వరసలో ఇచ్చాడు. బొమ్మల వారీగా చూసిన గుంపే తర్వాత వాటిని ఎక్కువగా గుర్తుపెట్టుకుని వాడగలిగింది. 2000లో అచ్చైన పరిశోధన అది.

నేను దీన్ని మా కింది వాటాలో చేసి చూశాను. వంటింట్లోంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చి పిల్లల మధ్య కరెంటు పొయ్యి మీద పెట్టాను. లోపల పప్పు, నీళ్లు. మొదట ఏమీ లేదు. కాసేపటికి లోపల సన్నగా కుతకుత. “ఇది సిమ్మర్. మనిషి పైకి కనపడడు గానీ లోపల ఉడుకుతున్నాడు” అన్నాను. “మా అమ్మ గట్లనే ఉంటది టీచర్, నాన్న లేటుగ వస్తే” అంది కూరగాయలామె కూతురు. విజిల్ వచ్చింది, ఆవిరి చిమ్మింది. “లెట్ ఆఫ్ స్టీమ్. అరిచేసి తేలికపడడం.” అప్పుడు ఏడో తరగతి పిల్లాడు అడిగాడు: “విజిల్ రాకుండ పట్టుకుంటే?” మూత ఎగిరిపోతుంది అని మిగతా 13 మంది ఒకేసారి అన్నారు. బ్లో యువర్ టాప్, ఫ్లిప్ యువర్ లిడ్ నేను ఇంకా చెప్పనే లేదు. వాళ్లే దాని దాకా నడిచి వచ్చారు. పక్క గిన్నెలో పాలు పొంగితే బాయిల్ ఓవర్, వేడి తగ్గిస్తే సిమ్మర్ డౌన్. తెలుగులో ఏమంటాం అంటే గోల గోలగా చెప్పారు: ఉడికిపోయిండు, కుతకుతలాడిండు, మండిపడ్డడు, సల్లబడ్డడు. ఒక్క గంటలో పది మాటలు రెండు భాషల్లో. మూడు వారాల తర్వాత చెప్పకుండా పరీక్ష పెడితే ఎనిమిదికి తక్కువ ఎవరూ రాయలేదు. ఇది పరిశోధన కాదు, 14 మంది పిల్లలు, ఒక కుక్కర్. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

ఆ రోజే ఒక కష్టం కూడా బయటపడింది. నిప్పులు చెరగడం అన్నాను. చెరగడం అంటే ఏమిటని అడిగితే 14 మందిలో ఒక్కరికే తెలుసు. వనపర్తి దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఆ పిల్లాడు చాట చూశాడట. మిగతావాళ్లకు బియ్యం ప్లాస్టిక్ సంచిలో వస్తాయి, చెరిగేదేమీ లేదు. చాటలో గింజలకు బదులు నిప్పులు పోసి ఎగరేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోమన్నాను. ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. మన బొమ్మలూ పిల్లల చేతుల్లోంచి జారిపోతున్నాయి. రెండు భాషల బొమ్మలూ పక్కపక్కన పెడితే రెండూ నిలుస్తాయని నా నమ్మకం.

ఇదంతా పరీక్షలో ఒక మార్కు జాతీయాల గొడవ అనుకోవద్దని నా మనవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో గెరార్డ్ స్టీన్ బృందం ఇంగ్లీషు రచనల్లో మాట మాటనూ పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సంభాషణలో నూటికి ఏడెనిమిది మాటలు రూపకానికి సంబంధించినవైతే, శాస్త్ర రచనల్లో దాదాపు 18. అంటే కబుర్ల కన్నా చదువుల ఇంగ్లీషే రూపకాలతో నిండి ఉంది. మన రాష్ట్రంలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చి, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఆ పుస్తకాలంటే నాకు చాలా ఇష్టం. సాయంత్రాలు పిల్లలతో అటు పేజీ ఇటు పేజీ చూస్తుంటే ఎన్ని దొరుకుతాయో! స్క్వేర్ రూట్ అంటే వర్గమూలం. రూట్ అంటే వేరు, మూలం అన్నా వేరే. లెక్కల్లో చెట్టు ఏమిటని పిల్లలు ఆశ్చర్యపోయారు. ఎలక్ట్రిక్ కరెంట్ అంటే విద్యుత్ ప్రవాహం, రెండు భాషల్లోనూ నీరే. ఫుడ్ చెయిన్ అంటే ఆహారపు గొలుసు, రెండు చోట్లా అదే గొలుసు. సెల్ దగ్గర మాత్రం దారులు వేరయ్యాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, చిన్న చిన్న గదుల్లా ఉన్నాయని సెల్ అన్నాడు. మనం కణం అన్నాం, అంటే నలుసు. వాళ్లకు గది కనపడితే మనకు రేణువు కనపడింది. జైలు గదినీ సెల్ అంటారని చెబితే, అయితే కణానికి గోడ ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది అన్నాడు ఎనిమిదో తరగతి పిల్లాడు. ఆ పుస్తకం పక్క మార్జిన్‌లో ఇలాంటివి రెండేసి లైన్లు వేస్తే ఎంత బాగుంటుందో పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారు ఆలోచించాలి.

పెద్దవాళ్ల సంగతికి వస్తే, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జెనెట్ లిటిల్‌మోర్ బ్రిటన్‌కు చదువుకోవడానికి వచ్చిన బంగ్లాదేశ్ ప్రభుత్వ అధికారులను పరిశీలించింది. లెక్చరర్లు వాడిన రూపకాలను వాళ్లు తమ దేశపు పద్ధతులకు, విలువలకు తగ్గట్టు అర్థం చేసుకుని, మాట్లాడే మనిషి మెచ్చుకుంటున్నాడో తప్పుపడుతున్నాడో అన్నచోటే పొరబడ్డారు. అంత చదివి, అంత ఉద్యోగం చేసినవాళ్లే అలా పొరబడితే, నాలుగు నెలల ఉద్యోగమున్న నా విద్యార్థికి చొరవ లేదని ఎవరనగలరు? కంపెనీల్లో పై స్థాయిలో ఉన్నవారు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, కొత్త పిల్లలకు పంపే మెసేజ్‌లో ఆ ఒక్క వాక్యం పక్కన, ఇక నువ్వు చేయాల్సింది ఇదీ అని ఇంకో వాక్యం రాయమని వేడుకుంటున్నాను.

ఆ లిటిల్‌మోరే, సహచరులతో కలిసి 2014లో ఇంకొకటి తేల్చింది. గ్రీకు, జర్మన్ మాట్లాడేవాళ్లు కేంబ్రిడ్జ్ పరీక్షల్లో రాసిన వ్యాసాలను మెట్టుమెట్టుగా చూస్తే, స్థాయి పెరిగేకొద్దీ రూపకాల వాడకం పెరుగుతూ పోయింది. భాష ఎంత వచ్చిందో కొలిచే ఆరు మెట్లలో నాలుగోదైన బి2 దగ్గర రూపకాలతో చేసే తప్పులు ఎక్కువయ్యాయి, సొంత భాష నీడా ఎక్కువ కనపడింది. పిల్లలు అక్కడికి వచ్చాకే కొత్త పనులకు రూపకం వాడే ధైర్యం చేస్తారు, అందుకే తప్పులు. కారంపొడి రాసిన పిల్లకు నేను వేసిన సున్నాలు అన్నీ ఆ మెట్టు మీద వేసినవే. పేపర్లు దిద్దే నా తోటి టీచర్లకు చేతులు జోడించి చెబుతున్నాను, ఆ తప్పు కింద గీత గీయండి, సున్నా మాత్రం వేయకండి.

ఇప్పుడు మీ గడి గురించి నా కోరిక. రోజుకు పది వద్దు, నాలుగు చాలు. ఆ నాలుగూ ఒకే ఇంటివి కావాలి. ఒకరోజు వంటింటివి, ఒకరోజు ఒంటివి, ఒకరోజు పొలంవి. క్రికెట్‌వి ఇస్తే హైదరాబాద్ గల్లీ పిల్లలు ఎగిరి గంతేస్తారు: బ్యాక్ ఫుట్ మీద ఉండడం, వాన తడిసి ఆరుతున్న పిచ్ మీద ఆడే స్టికీ వికెట్, ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసే ‘ఆఫ్ యువర్ ఓన్ బ్యాట్’. ఓడలవి వచ్చిన రోజు కాస్త ఎక్కువ జాగా ఇవ్వండి. బోయర్సే ఇంకొకరితో కలిసి చేసిన మరో పరిశోధనలో, ఫ్రెంచి మాట్లాడే విద్యార్థులకు తిండి నుంచి పుట్టిన ఇంగ్లీషు జాతీయాల కన్నా ఓడల నుంచి, టోపీల నుంచి పుట్టినవి ఊహించడం కష్టమైంది. ఆ బొమ్మలు ఫ్రెంచిలో అంతగా లేవు. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు ఇద్దరే. పని మెళకువలు నేర్చుకోవడాన్ని లెర్న్ ద రోప్స్ అంటారు. తెరచాప ఓడ మీద ఏ తాడు లాగితే ఏ తెర లేస్తుందో నేర్చుకోవడం అని చెప్పకపోతే, తాళ్లు నేర్చుకోవడమేమిటో వాళ్లకు ఎలా తెలుస్తుంది? మనది ఏటి భాష. గట్టెక్కడం, నట్టేట ముంచడం, ఏరు దాటి తెప్ప తగలేయడం. వాటిని ఎదురుగా పెట్టండి, దారి దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పుకోవాలి. పుట్టుక తెలియని జాతీయాలకు కథలు అల్లి ఇవ్వకండి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనే పిల్లుల కుక్కల వానకు ఇంటర్నెట్ నిండా కథలున్నాయి, ఒక్కదానికీ ఆధారం లేదు. అలాంటివాటిని మన కుండపోత పక్కన ఊరికే పెడితే చాలు.

అడగడమే కాదు, నా వంతు పని కూడా చేసి పంపుతున్నాను. ఈ ఉత్తరంతో పాటు 30 రోజులకు సరిపడా గడులు లాంగ్ నోట్‌బుక్కులో రాసి జత చేశాను. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు, నడుమ ‘అనెడి’తో ఒక లైను. నచ్చినవి వేసుకోండి, తప్పులుంటే దిద్దండి, నా పేరు వేయనక్కర్లేదు. గచ్చిబౌలి అబ్బాయి ఆఫీసులో వినే మాటలు రాసుకొచ్చి ఇస్తే 12, 13 రోజులవి వాటితోనే నింపాను. మొదటి రోజుది కోపం. కుక్కర్ బొమ్మ మా పిల్లలే వేశారు. మూత మాత్రం కాస్త వంకరగా వచ్చింది, మీ ఆర్టిస్ట్ గారితో సరిచేయించగలరు.

ఇట్లు,
రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్,
వారాసిగూడ, హైదరాబాద్